బొంబాయి రోడ్డు పక్కన మాణెమ్మ బొమ్మలు

దసరా సెలవుల్లో ఎక్కడికి వెళ్ళావని మా బడిలో అడిగిన ప్రతివాళ్ళకీ "పటాన్‌చెరు" అని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. లెక్కల మాస్టారైతే, "అక్కడ చూడ్డానికేముందమ్మా, పొగ గొట్టాలు తప్ప?" అన్నారు. పొగ గొట్టాలున్న మాట నిజమే. మొదటిరోజు వాటిని చూసి నేనూ నీరుగారిపోయాను. కానీ ఆ ఆరు రోజుల్లో నవ్వినంత నవ్వు, పడినంత సిగ్గు, తిన్నంత తిండి ఇంకే ప్రయాణంలోనూ నేనెరగను. ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను తెనాలి దగ్గర ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచర్ని. పద్నాలుగేళ్ళుగా నల్లబల్ల మీద మామిడికాయ, కూజా, అరటాకు వేసి చూపిస్తున్నాను. చదువుకునే రోజుల్లో అంటుకున్న పిచ్చి ఒకటి నన్ను వదల్లేదు. ఏ దేశమైనా, ఏ కాలమైనా సరే, బొమ్మలు వేసిన ఆడవాళ్ళ గురించి ఒక్క ముక్క దొరికితే దాచుకుంటాను. పాత పుస్తకాల దుకాణాల్లో విదేశీ పత్రికలు కొని, బొమ్మలు కత్తిరించి, అట్టలకు అంటిస్తాను. అలా అరవై అట్టలయ్యాయి. మా ఇంట్లో వాటిని దులిపినవాళ్ళే గానీ చూసినవాళ్ళు లేరు.

అలాంటిది మా చెల్లెలు సరోజ ఉత్తరం రాసింది. వాళ్ళాయన రామచంద్రపురంలో సర్కారు కర్మాగారంలో ఫిట్టరు. "మా క్వార్టర్సులో ఆడవాళ్ళం వారానికోసారి కలుస్తాం. ఎప్పుడూ ఆవకాయ, ఊలు అల్లికలే. ఈసారి నువ్వొచ్చి నీ చిత్రకారిణుల గురించి చెప్పు" అంది. వింటామని ఎవరైనా అడగడం నా జన్మలో అదే మొదటిసారి. మా అమ్మ మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఆంధ్రా తెలంగాణా గొడవలు చల్లారి ఎన్నాళ్ళయిందని? అక్కడివాళ్ళు మనల్ని ఎలా చూస్తారో ఏమో" అని బెంగపడింది. అట్టలన్నీ పాత దుప్పట్లో చుట్టుకుని రైలెక్కాను.

సీతాఫలాల గంప

అక్కడివాళ్ళు ఎలా చూస్తారో హైదరాబాదులో బస్సెక్కగానే తెలిసింది. నా పక్కన సీతాఫలాల గంపతో ఒకావిడ కూర్చుంది. కూకట్‌పల్లి చేరేలోపు నా చరిత్రంతా లాగేసింది.

"ఏడికి పోతున్నవ్? ఎవరింటికి? పెండ్లయిందా? పిల్లలెందరు? గా మూటల ఏమున్నది?"

మా వైపు కొత్తమనిషిని "తమరెందాకా అండీ" అని మొదలుపెట్టి, నాలుగు మలుపులు తిరిగి గానీ అసలు ప్రశ్నకు రాం. ఇక్కడ మలుపుల్లేవు. ఆ "నువ్వు" మొదట కాస్త గుచ్చుకుంది. మియాపూర్ దాటాక ఆవిడ నా ఒళ్ళో రెండు పెద్ద పళ్ళు పెట్టింది. నేను పర్సు తీశాను. ఆవిడ మొహం ముడుచుకుంది.

"నేను పైసలడిగిన్నా?"

పర్సు మూసేశాను. పండు నోట్లో వేసుకున్నాక అనిపించింది, "తమరు" అన్నవాళ్ళెవరూ నాకింత తియ్యటి పండు పెట్టలేదని.

రామచంద్రపురం క్వార్టర్సు చూస్తే మన గుంటూరు, భీమవరం, శ్రీకాకుళం ఒక లారీలో పోసి తెచ్చి వరసగా పేర్చినట్టుంటాయి. ప్రతి పెరట్లోనూ గోంగూర మడి, మునగచెట్టు. అందరిదీ ఒకటే ఫిర్యాదు, మంచి చేప దొరకదని. మా మరిది సైకిలు దిగుతూనే, "వదినగారూ, ఇక్కడ గడియారం చూసుకోనక్కర్లేదండీ, సైరనే చెబుతుంది" అన్నాడు. నిజంగానే సైరన్‌కు అన్నం వండుతారు, సైరన్‌కు పిల్లల్ని లేపుతారు.

అరవై అట్టలు

మర్నాడు సాయంత్రం క్లబ్బు హాల్లో ముప్పై మంది దాకా చేరారు. చంకల్లో పిల్లలు, చేతుల్లో ఊలు ఉండలు. ఒక మలయాళీ ఆవిడ, ఇద్దరు పంజాబీ ఆవిడలు కూడా వచ్చారు. నేను గోడకు తాడు కట్టి అట్టలు వేలాడదీశాను.

ఆ విదేశీ పేర్లు పలకడానికి నాకే నోరు తిరగదు. అందుకని పేర్లు వదిలేసి మనుషుల గురించి చెప్పాను. మఠంలో చేరితే తప్ప కుంచె పట్టనివ్వని కాలంలో మఠంలో చేరి గోడ నిండా బొమ్మలు వేసినావిడ. తండ్రి దగ్గర రంగులు నూరుతూ నూరుతూ తండ్రిని మించిపోయిన కూతురు. మొగల్ అంతఃపురంలో పరదా వెనక కూర్చుని, వెంట్రుకంత సన్నటి గీత గీసిన పిల్ల. మనిషి ఒంటిని చూసి గీయడం ఆడదానికి తప్పన్నారని, పూలూ పళ్ళే వేసి వేసి, ఆ పళ్ళమీద ఈగ వాలిందా అన్నట్టు వేసినవాళ్ళు.

వాళ్ళ ప్రశ్నలు మాత్రం నా అట్టల్లో లేవు.

"ఆవిడకి పిల్లలున్నారా అండీ? మరి వంటెవరు చేసేవారు?"

"అత్తగారు ఊరుకుందా?"

"ఆ రంగు చీరకంటితే ఎలా పోతుందో చెప్పండి ముందు."

హాలంతా నవ్వు. అప్పుడు గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. క్వార్టర్సుకు పాలు పోసే బాలమణి, ఖాళీ క్యాన్లు పట్టుకుని నిలబడి ఉంది. నలభై ఏళ్ళ మనిషి, ఇంద్రేశం నుంచి రోజూ పొద్దునా సాయంత్రం వస్తుంది.

"అమ్మా, గా బొమ్మ ఆడామె ఏసిందంటివి. మరి కింద మొగోని పేరున్నదని గూడ నువ్వే అంటివి, గదెట్ల?"

మంచి ప్రశ్న. ఆవిడ పేరుతో అమ్మితే ఎవరూ కొనరని, పేరున్న మగవాడి పేరు పెట్టి అమ్మారని చెప్పాను. వందల ఏళ్ళ తర్వాత పైన మురికి తుడుస్తుంటే కింద ఆవిడ సంతకం బయటపడిందన్నాను. బాలమణి కిసుక్కున నవ్వింది. అందరూ వెళ్ళాక నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"మా ఇంట్ల గూడ గదే కథ. మా తమ్ముడు రాజు రోడ్డుమీద బోర్డులు, లారీలు రాస్తడు. రాస్తడని లోకమంటది. మూడేండ్ల కింద ఒక రేకుల షెడ్డుల మిషిన్ల పడి కుడిచెయ్యి మూడు వేళ్ళు పొయ్యె. గప్పటిసంది ఏసేదంత మా మరదలు మాణెమ్మనే. పరదా ఎనక కూసుండి ఏస్తది. ఆడామె ఏసిందని తెలిస్తే లారీలోళ్ళు రారు. నువ్వు సదువుకున్నదానివి, పొయ్యి సూడు. గని ఈ మాట నీ చెవుల్నే ఉండాలె."

ఉంటుందన్నాను. చెవిలో పెట్టుకున్నాను కూడా. నోరే నన్ను ముంచింది.

గోనె పరదా

మర్నాడే వెళ్ళాను. పటాన్‌చెరు దాటాక బొంబాయి రోడ్డు పక్కన రేకుల పందిరి, దాని మీద "రాజు ఆర్ట్స్" అని ఎర్రటి అక్షరాలు. దసరాకు ఫ్యాక్టరీల్లో ఆయుధ పూజ. మిషన్లకూ లారీలకూ కొత్త రంగు, గేట్లకు కొత్త బోర్డు. అందుకే ఆ వారం వాళ్ళకు ఊపిరి సలపని పని. పందిరి ముందు రాజు కూర్చుని ఉన్నాడు. చెవి మీద బురుసు, కుడిచేతికి తువ్వాల. పెద్ద మీసాలు, నెమ్మదైన మాట. బాలమణి చెప్పిందన్నాక ఇటూ అటూ చూసి, గోనె పరదా ఎత్తి నన్ను లోపలికి పంపాడు.

లోపల ఒక లారీ వెనకభాగం, దాని ముందు పీట మీద మాణెమ్మ. ముప్పై ఏళ్ళుంటాయేమో. కొంగు నడుముకు బిగించి, మోచేతుల దాకా రంగుతో ఉంది. నెమలి పురి విప్పి లారీ తలుపంతా పరుచుకుంది. ఒక్కొక్క ఈక ఒక్క ఊపులో వేస్తోంది, తుడిచి మళ్ళీ వెయ్యడం లేదు. నేను పద్నాలుగేళ్ళు పిల్లలకు చెప్పింది, నాకు చేతకానిది, అక్కడ చూశాను.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు మాణెమ్మ గారూ?"

ఆమె నవ్వి నవ్వి బురుసు కింద పెట్టేసింది. "గారా? నన్నా? మాణెమ్మ అను, సాలు. నేర్సుడేంది, తల్లిగారింట్ల జాజుమన్నుతోటి, సున్నంతోటి గోడలకు ఏస్తుంటి. ఈడికొచ్చినంక ఆయనకు రంగులు నింపుతుంటి. ఆయన చెయ్యి పొయ్యినంక గీత గూడ నాకే వచ్చింది, గతి లేక."

పక్కన అట్టముక్కల మీద పుర్రె, రెండు ఎముకలు, కింద ఇంగ్లీషులో "డేంజర్". ఆమెకు ఏ భాషలోనూ అక్షరం రాదు. కాగితం మీద రాసిచ్చినదాన్ని తీగెలాగా, పువ్వులాగా చూసి వేసేస్తుంది. "ఈ పుర్రెలే నాకు మంచిగ నచ్చుతయి. నవ్వుతున్నట్టుంటయి గదా" అంది. చూస్తే నిజమే, ఆమె పుర్రెలన్నీ నవ్వుతున్నాయి. ఆ ముచ్చట్లో పడి ఆరని నెమలికి ఆనుకున్నాను. నా తెల్ల వెంకటగిరి చీర భుజం మీద నీలం కన్ను ఒకటి దిగింది. ఆమె నాలుక కరుచుకుని, కిరసనాయిలు గుడ్డతో రుద్ది, దాన్ని రెండింతలు చేసింది. ఇద్దరం నవ్వాం. రాజు బయటినుంచి ఇరానీ చాయ్ తెప్పించాడు. ఇరవై పైసలకు ఇంత గ్లాసు. మా ఊరి కాఫీకి సగం ధర, రెండింతల తీపి.

సాయంత్రం లారీ తీసుకోవడానికి సర్దార్జీ డ్రైవరు వచ్చాడు. మాణెమ్మ చప్పున పరదా వెనక్కి జరిగింది. సర్దార్జీ నెమలిని చూసి చప్పట్లు కొట్టాడు. "క్యా బాత్ హై, ఉస్తాద్!" అని రాజు భుజం తట్టి, కౌగలించుకున్నాడు. రాజు తల దించుకున్నాడు. పరదా కింద నుంచి మాణెమ్మ పాదాలు, వాటి మీద రంగు చుక్కలు కనబడుతున్నాయి.

నాకేమైందో తెలీదు. ముందురోజు ముప్పై మంది ముందు మాట్లాడిన పొగరు ఇంకా దిగలేదేమో. నా విరిగిన హిందీలో, "ఉస్తాద్ ఈయన కాదు. ఆమె. పరదా వెనక ఉంది" అనేశాను.

సర్దార్జీ నన్ను చూశాడు. పరదాను చూశాడు. నెమలిని ఇంకోసారి చూశాడు. ఒక్క మాట అనకుండా లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. చాయ్ హోటలు ముందు నిలబడ్డ నలుగురు డ్రైవర్లూ అంతా విన్నారు.

మాణెమ్మ బయటకొచ్చింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నీకు నాల్గు దినాలైతే రైలున్నది పంతులమ్మా. మాకు ఎప్పటికి గీ రోడ్డే ఉన్నది."

రాజు చెప్పాడు. విజయదశమినాడు తెరుస్తున్న కొత్త ఫ్యాక్టరీ గేటు పక్క గోడ మీద దుర్గమ్మ బొమ్మకు వాళ్ళు ఒప్పుకున్నారట. అంత పెద్ద పని వాళ్ళకెప్పుడూ రాలేదు. గోడకు పరదా కట్టుకుని ఎలాగో వేసేద్దామనుకున్నారు. ఇప్పుడీ సంగతి ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు చెవిన పడకుండా ఆగదు.

బస్సులో భుజం మీద ఆ నీలం మరకతో తిరిగొచ్చాను. సరోజ గోంగూర పప్పు వడ్డించి పిలుస్తున్నా, నేను అట్టలు ముందేసుకు కూర్చున్నాను. అరవై అట్టల్లో ఉన్న ఆడవాళ్ళ కష్టాలన్నీ నాకు కంఠస్థం. ఎదురుగా ఉన్న ఒక్క మనిషి కష్టం మాత్రం అర్థం కాలేదు.

ఇంద్రేశంలో జొన్నరొట్టె

మర్నాడు పొద్దున్నే క్షమాపణ చెప్పుకోవడానికి బాలమణి వెంట ఇంద్రేశంలో మాణెమ్మ వాళ్ళింటికి నడిచాను. జొన్న చేల మధ్య కాలిబాట, గట్ల మీద తంగేడు పూలు విరగబూసి ఉన్నాయి. బతుకమ్మకని ఆడపిల్లలు ఒడినిండా కోసుకుంటున్నారు. మా వైపు దసరా అంటే బొమ్మల కొలువు, మెట్ల మీద కూర్చున్న బొమ్మలకు దణ్ణం పెడతాం. ఇక్కడ పూలే దేవత. చేసుకునేదీ వాళ్ళే, ఆడేదీ పాడేదీ వాళ్ళే, నీళ్ళల్లో వదిలేదీ వాళ్ళే. దారంతా బాలమణి నన్ను తిడుతూనే ఉంది. మధ్యలో ఆగి, "గా ముల్లు సూసి నడు" అని జాగ్రత్తలు చెబుతూ మళ్ళీ తిట్టింది.

మాణెమ్మ పొయ్యి ముందు రొట్టె చేస్తోంది. రెండు అరచేతుల మధ్య పిండిని తడుతుంటే చందమామ పెరిగినట్టు గుండ్రంగా పెరుగుతోంది. నేను గుమ్మంలోనే నిలబడి, రాత్రంతా కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టాను. ఆమె సగంలో ఆపేసింది.

"నిన్న అన్న గదా, అయిపోయింది. రొట్టె సల్లారితే చెక్కయితది. కూసో."

జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిపాయ. ఒకటి తినగానే ఇంకొకటి వేసింది. నాలుగు తిన్నాను. మా వైపు పెద్ద గొడవ పడ్డవాళ్ళు మళ్ళీ ఒక విస్తరి ముందు కూర్చోవాలంటే ఇద్దరు పెద్దమనుషులు మధ్యవర్తిత్వం చెయ్యాలి. ఇక్కడ రొట్టె చాలింది.

చెయ్యి కడుక్కుంటుండగా రాజు సైకిలు మీద వచ్చాడు. తెల్లవారగానే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళొచ్చాడట. అప్పటికే ఆయనకు తెలిసిపోయింది.

"ఆడమనిషిని నిచ్చెనెక్కిస్తవా, నలుగురు నవ్వరా అన్నడు" అని రాజు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నాకు గుస్సా వచ్చింది. చేతికున్న తువ్వాల ఇప్పి చూపిచ్చిన. సారూ, మూడేండ్లసంది ఈ రోడ్డుమీద నువ్వు మంచిగున్నయన్న బోర్డులన్ని గామె ఏసినయే. గామె వద్దంటే నా తాన ఇచ్చెటందుకు ఏం లేదు అన్న. గప్పుడే ఎవలొచ్చిన్రనుకున్నరు? నిన్నటి సర్దార్జీ! ఫ్యాక్టరీకి సామాను దింపెటందుకు ఇంకో లారీ పట్టుకొచ్చిండు. వాళ్ళమ్మ దుపట్ట మీద గిట్లనే నెమళ్ళు కుడతదంట. నిన్న ఆమె యాదికొచ్చి మాట రాలేదంట. గా ఆడ ఉస్తాద్ ఏడ, ఇంకో నెమలి కావాలె అని సూపర్‌వైజరు ముంగటనే అడిగిండు."

"గాయన ఏమన్నడు?" మాణెమ్మ చేతిలో పిండి అలాగే ఉంది.

"ఏమంటడు? పండుగ ముంగట పటాన్‌చెరుల ఇంకో పెయింటరు దొరుకడు. సరే, రేపే షురూ చెయ్యిమన్నడు."

పొయ్యి మీద రొట్టె మాడింది. ఆ ఇంట్లో నేను చూసిన మాడిన రొట్టె అదొక్కటే.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట

"ముందు భవాని అమ్మను జూసి రావాలె" అంది మాణెమ్మ. మధ్యాహ్నమే ముగ్గురం ఆడవాళ్ళం సంగారెడ్డి బస్సెక్కాం. సంగారెడ్డిలో దిగి టాంగా కట్టించుకున్నాం. మా వైపు జట్కాయే. గుర్రానికి మాత్రం ఇక్కడ ఉర్దూ వచ్చు. బండివాడు "చల్ బేటా" అంటే తప్ప కదల్లేదు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని గుడి దగ్గర ఇసక వేస్తే రాలనంత నవరాత్రుల జనం. గాజుల దుకాణాలు, పుట్నాలు, కొబ్బరికాయల గుట్టలు. బాలమణి ఇద్దరికీ చెరో డజను గాజులు కొనిచ్చింది. నా చేతికి ఎక్కించడానికి గాజులామె సబ్బు రాసి, మూడు పగలగొట్టింది. పగిలినవాటికి డబ్బు తీసుకోనంది.

అమ్మవారి ముందు అందరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. మాణెమ్మ ఒక్కతే కళ్ళు పెద్దవి చేసుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. వెనకవాళ్ళు తోస్తున్నా కదలదు. పూజారి, "దండం పెట్టుకోని నడువమ్మా" అని కసిరాడు.

"పెట్టుకుంటున్న అయ్యగారు. నా దండం గిట్లనే ఉంటది" అంది.

బయటకొచ్చాక పుల్లతో మట్టిలో రెండు కళ్ళు గీసి చూపించింది. "ముక్కుపుల్ల ఎడమదిక్కున్నది. కండ్లు కోపంగ లేవు, పనిల ఉన్నట్టున్నయి. మస్తు పనున్న ఆడిదాని కండ్లు."

గేటు పక్క గోడ

మర్నాటి గురించి నేనెంత రాసినా తక్కువే. తెల్లగా సున్నం కొట్టిన గోడ, రెండు నిలువుల ఎత్తు. పరదా లేదు. మాణెమ్మ కొంగు బిగించి, నిచ్చెన ఎక్కి, దారానికి రంగు పూసి గోడ మీద గీతలు కొట్టింది. రాజు కింద నిలబడి ఎడమచేత్తో నిచ్చెన పట్టుకున్నాడు. రంగులు కలిపే పని నాది. క్లబ్బు హాల్లో ఉపన్యాసం ఇచ్చినదాన్ని, ఇక్కడ డబ్బాలు అందించేదాన్ని. నాకెందుకో ఆ ఉద్యోగం చాలా నచ్చింది.

మొదట పదిమంది నవ్వడానికే చేరారు. ఒకడు ఈల వేశాడు. మాణెమ్మ తిరిగి చూడలేదు. సింహం మొహం రాగానే ఈల ఆగింది. మధ్యాహ్నానికి అమ్మవారి ముక్కు, బుగ్గలు వచ్చాయి, జనం చెప్పులు విడిచి నిలబడ్డారు. ఇటుకలు మోసే ఆడకూలీలు తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. ఒకామె మాణెమ్మకు మజ్జిగ ముంత అందించి, "ఎంత ఎత్తెక్కినవే తల్లీ" అంది, తనే ఎక్కినంత సంబరంగా. సైరన్ మోగితే పక్క ఫ్యాక్టరీ వాళ్ళు కూడా వచ్చేశారు. ఎనిమిది చేతుల్లో ఏడింటికి శంఖం, చక్రం, శూలం అన్నీ అయ్యాయి. ఎనిమిదో చెయ్యి ఖాళీ.

"మాణెమ్మక్కా, అమ్మకు ఒక పానా ఇయ్యి!" అని ఒక ఫిట్టరు అరిచాడు. "ఆయుధ పూజ గదా, మా ఆయుధం గదే!"

గేటు దగ్గరున్న సూపర్‌వైజరు నోరు తెరిచేలోపే ఆమె బోల్టులు బిగించే పానా ఒకటి ఆ చేతిలో పెట్టేసింది. జనం ఈలలే ఈలలు. ఈసారి ఈలలకు మాణెమ్మ తిరిగి నవ్వింది.

ఎండ తగ్గాక నా చేతిలో బురుసు పెట్టింది. "సింహం తోక నువ్వెయ్యి."

"నేనా? వద్దు వద్దు. అందరూ చూస్తున్నారు."

"నన్ను చూస్తలేరా పొద్దుగాలసంది?"

నేను నా కోసం బొమ్మ వేసి పదకొండేళ్ళయింది. బురుసు రంగులో ముంచాను. వేశాను. తీరా దూరంనుంచి చూస్తే అది అచ్చంగా ఆవు తోక. ఇటుకల ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బాలమణి, "మా బర్రె తోకనే గది!" అని పగలబడింది. మాణెమ్మ వచ్చి రెండు ఊపుల్లో చివర కుచ్చు పెట్టింది. తోక గాల్లో లేచింది, సింహం గర్జించింది. మొదలు మాత్రం నేను వేసిందే. ప్రపంచ చిత్రకళా చరిత్రలో నా వాటా ఆ తోక మొదలు. నాకు చాలు.

దసరా పొద్దు

తెల్లవారగానే గేటుకు మామిడాకులు, మిషన్లకు బంతిపూలు కట్టారు. మేం వెళ్ళేసరికి పురోహితుడు కలశం పెడుతున్నాడు. మాణెమ్మ తలంటుకుని ఆకుపచ్చ చీర కట్టుకొచ్చింది. పని ఒకటి మిగిలింది, పేరు.

"రాజు ఆర్ట్స్ అని నేను ఏసేస్త. గది నాకొస్తది" అంది.

"వద్దు" అన్నాడు రాజు. "నీ పేరెయ్యి."

"నా పేరెట్లుంటదో నాకేమెర్క?"

నేను సుద్దముక్కతో నేల మీద రాశాను. ఆమె తలను ఇటూ అటూ వంచి చాలాసేపు చూసింది. "అన్నిట్ల గీ కడాపటిదే మంచిగున్నది" అని ముందు "మ్మ" వేసింది. తర్వాత దాని ఎడమవైపున మిగిలిన చోట్లో "మాణె" ఇరికించింది. సింహం కాలి కింద, వేలెడంత ఎత్తున, ఎర్ర రంగులో పేరు తయారైంది. నా ముప్పై ఎనిమిదేళ్ళ జీవితంలో ఒక తెలుగు పేరును చివరినుంచి మొదటికి రాయడం అప్పుడే చూశాను.

మూడు కార్లు వచ్చాయి. యజమాని దిగి, గోడ ముందు నిలబడిపోయాడు. "ఎవరు వేశారయ్యా?" అన్నాడు. సూపర్‌వైజరు చెయ్యి అలవాటుగా రాజు వైపు లేచింది. సగంలో ఆగి, పక్కకు తిరిగింది. "ఈమె సార్. మాణెమ్మ."

యజమాని చేతులు జోడించాడు. అమ్మవారికో, మాణెమ్మకో తెలీలేదు. పురోహితుడు, "ముహూర్తం మించిపోతోంది" అని కొబ్బరికాయ ఎత్తాడు. బ్యాండువాళ్ళు గొట్టాలు నోటికి పెట్టుకున్నారు.

మాణెమ్మ ఇవేవీ చూడటం లేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఇంకో నాలుగు వేసి, అక్కడినుంచి గోడను చూసింది. కళ్ళు చిట్లించింది.

"నా పేరు గింతేనా పంతులమ్మా? ఈడికెళ్ళి కనబడనే కనబడుతలేదు. ఇంక జాగ మస్తున్నది గదా."

అంటూనే కొంగు దోపి, రంగు డబ్బా చేతబట్టి గోడ దగ్గరికి నడిచింది.

"జెర ఆగు అయ్యగారు" అని పురోహితుడికి చెప్పి, నిచ్చెన ఎక్కింది.